రోగి నుదుట నాలుగు జవాబులు వ్రాసి ఉండవు

గుండెపోటు వచ్చిన మనిషిని మొదట చూసేది సాధారణంగా హృద్రోగ నిపుణుడు కాదు. ఈ చిన్న సత్యాన్ని మనం తరచు మరచిపోతాము. నిపుణుల పేర్లు ఆసుపత్రి ముఖద్వారం మీద పెద్ద అక్షరాలతో ఉంటాయి. అర్ధరాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీలో బల్ల వెనుక కూర్చుని ఉండేది మాత్రం, ఏడాది క్రితమో రెండేళ్ళ క్రితమో ఎం.బి.బి.ఎస్. ముగించిన డ్యూటీ డాక్టరు. మీ తండ్రిగారి ఛాతీలో నొప్పి గుండెదా, కడుపుదా అన్న తొలి నిర్ణయం చేసేది ఆ పాతికేళ్ళ యువతియో, యువకుడో. ఆ తొలి అరగంటలో జరిగిన పొరపాటును తెల్లవారి వచ్చే నిపుణుడు చాలాసార్లు దిద్దలేడు. అప్పటికే చచ్చిపోయిన గుండె కండరాన్ని ఏ యంత్రమూ బ్రతికించలేదు.

అందుచేత, వైద్యవిద్యార్థులకు గుండె గురించి మనం ఏమి నేర్పుతున్నాము, ఎలా నేర్పుతున్నాము అన్నది కళాశాల గోడల మధ్య ముగిసిపోయే ప్రశ్న కాదు. అది మీ ఇంటి ప్రశ్న. నా అభిప్రాయాన్ని సూటిగానే చెబుతాను. మనం వారికి గుండెను నేర్పడం లేదు. గుండె మీద అడిగే ప్రశ్నలకు జవాబులు నేర్పుతున్నాము. ఈ రెంటికీ మధ్య ఉన్న అగాధంలో పడిపోతున్నది విద్యార్థులు కారు, రోగులు.

పరీక్షలోని రోగి, మంచం మీది రోగి

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరాలు, ఆ పైన ఒక సంవత్సరం హౌస్ సర్జన్సీ. ఆ చివరి సంవత్సరం పూర్తిగా రోగుల మధ్య గడపవలసినది. అయితే విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించేది ఆ సంవత్సరం కాదు, పీజీ సీటు కోసం వ్రాసే నీట్ పీజీ పరీక్ష. అందులో 200 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం. అంటే ఒక్కో ప్రశ్నకు దక్కేది నిమిషం, దాని మీద మూడు సెకన్లు. ప్రతి ప్రశ్న క్రింద నాలుగు జవాబులు ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి. ఇక ఏ విద్యార్థి వార్డులో కూర్చుంటాడు? మూడవ సంవత్సరం నుండే కోచింగు మొదలు. హౌస్ సర్జన్సీలో హాజరు వేయించుకుని చదువుగదికి పరుగు. ఆ పిల్లలను నేను నిందించను. ఏ ద్వారం గుండా వెళ్ళమంటే ఆ ద్వారం గుండానే వారు వెళుతున్నారు.

ఆ పరీక్షలు అడిగే తీరులో ఒక ప్రశ్న ఊహించండి. ఇరవై నాలుగేళ్ళ గర్భిణి, ఏడవ నెల, పడుకుంటే ఎక్కువయ్యే ఆయాసం, చిన్నతనంలో కీళ్ళు వాచి జ్వరం వచ్చిన చరిత్ర, గుండె కొన వద్ద వికాస కాలంలో దూరపు ఉరుము వంటి మర్మరం. రోగమేది? చదువుకున్న విద్యార్థి ఐదు సెకన్లలో ద్విపత్ర కవాటం ఇరుకైన వ్యాధి అని గుర్తిస్తాడు. భేష్! కాని ఇక్కడ కష్టమైన పని ఎవరు చేశారు? రోగిని అడిగి పాత జ్వరం సంగతి రాబట్టినది ప్రశ్న వ్రాసిన వాడు. ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, స్టెతస్కోపు గంటను గుండె కొన మీద తేలికగా ఆనించి, వినీ వినపడని ఆ శబ్దాన్ని పట్టినదీ అతడే. అనవసరమైన వంద మాటలను తీసివేసినదీ అతడే. విద్యార్థికి మిగిలినది పేరు పెట్టడం మాత్రమే.

అదే స్త్రీ నిజంగా వచ్చినప్పుడు ఏమి జరుగుతుంది? "నీరసంగా ఉందండీ, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అంటుంది. కడుపుతో ఉన్న పిల్లకు ఆయాసం మామూలేనని ప్రక్కనున్న అత్తగారు సర్దిచెబుతుంది. పదేళ్ళ వయసులో వచ్చిన కీళ్ళ వాపు ఆమెకు గుర్తు రాదు, వచ్చినా దానికీ దీనికీ సంబంధం ఉందని తెలియదు. కండ్లు పాలిపోయి ఉంటాయి కనుక రక్తహీనత అని ఒక ఆలోచన. ఊపిరితిత్తులలో పిల్లికూతలు వినిపిస్తాయి కనుక ఉబ్బసం అని మరొక ఆలోచన. ఆమె నుదుట నాలుగు జవాబులు వ్రాసి ఉండవు. వైద్యుడే ప్రశ్నను తయారుచేసుకోవాలి. ఆ విద్యను మనం నేర్పలేదు.

అప్పుడు ఏమి చేస్తాడు? ఉబ్బసం అనుకుంటే సాల్బుటమాల్ ఆవిరి పట్టిస్తాడు. నీరసం అనుకుంటే సెలైన్ సీసా ఎక్కిస్తాడు. ఈ రెండూ ఆమెను ఎందుకు ప్రమాదంలోకి నెడతాయో తెలియాలంటే గుండె గురించిన ఒకే ఒక్క మూలసూత్రం తెలిస్తే చాలు. దానిని మీకూ చెబుతాను. ఇది అర్థం కావడానికి వైద్యపట్టా అక్కరలేదు.

ఒక్క సూత్రం, ఐదు ఫలాలు

మన గుండె బరువు సుమారు 300 గ్రాములు. విశ్రాంతిలో ఉన్నప్పుడు నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందనుకుందాం. ప్రతి స్పందనకూ 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటకు నెడుతుంది. హెచ్చవేసి చూడండి, నిమిషానికి 5 లీటర్లు. ఇంగ్లాండు వైద్యుడు విలియం హార్వే 1628లో అచ్చువేసిన గ్రంథంలో ఇటువంటి హెచ్చవేతే చేశాడు. ఒక స్పందనకు వెలువడే రక్తాన్ని స్పందనల సంఖ్యతో గుణిస్తే, అరగంటలో వచ్చే మొత్తం శరీరంలో ఉన్న రక్తం కంటె ఎక్కువైంది. అంత రక్తం అప్పటికప్పుడు ఎక్కడా పుట్టలేదు కనుక, ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తున్నదని వాదించాడు. హృద్రోగశాస్త్రానికి పునాది వేసిన ఆ ఆలోచనలో జ్ఞాపకశక్తికి ఉన్న పాత్ర స్వల్పం. లెక్క, తర్కం, ఎందుకు అన్న ప్రశ్న, ఇవే దానికి ఆధారం.

ఇక సూత్రం. నిమిషానికి 72 స్పందనలంటే ఒక్కో స్పందనకు 0.8 సెకను. అందులో సంకోచానికి సుమారు 0.3 సెకను, వికాసానికి 0.5 సెకను. జఠరికలు రక్తంతో నిండేది వికాసంలో. గుండె కండరానికే ఆహారం అందించే హృద్ధమనులలో, ముఖ్యంగా ఎడమ జఠరిక కండరంలో, రక్తం అధికంగా పారేదీ వికాసంలోనే. సంకోచించే కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కివేస్తుంది మరి. అంటే గుండె ఊరందరికీ అన్నం పెట్టి, విశ్రాంతి దొరికిన క్షణంలో తాను తింటుంది. ఇప్పుడు గుండె వేగం నిమిషానికి 140కి పెరిగిందనుకోండి. ఒక్కో స్పందనకు 0.43 సెకను మాత్రమే మిగులుతుంది. సంకోచ కాలం కొద్దిగానే తగ్గుతుంది. నష్టంలో పెద్ద వాటా వికాసానిదే.

ఈ ఒక్క మాట అర్థమైన విద్యార్థికి ఎన్ని విషయాలు విచ్చుకుంటాయో చూడండి. ద్విపత్ర కవాటం మామూలుగా 4 నుండి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. రుమాటిక్ జ్వరం వల్ల అది చదరపు సెంటీమీటరుకు కుంచించుకుపోతే, ఎడమ కర్ణికలోని రక్తం జఠరికలోకి దిగడానికి చాలా సమయం కావాలి. గర్భిణిలో రక్త పరిమాణం 40, 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. దిగవలసిన రక్తం హెచ్చింది, దిగడానికి ఉన్న కాలం తగ్గింది. రక్తం వెనుకకు ఎగదన్ని ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. సాల్బుటమాల్ గుండె వేగాన్ని ఇంకా పెంచుతుంది, సెలైన్ రక్త పరిమాణాన్ని ఇంకా పెంచుతుంది. కనుక ఆమెకు కావలసినది వీటికి సరిగా వ్యతిరేకం. గుండెను నిదానింపజేసే మందు, ఒంటి నీటిని తగ్గించే మందు ఇవ్వాలి. అవసరమైతే బెలూనుతో కవాటాన్ని వెడల్పు చేయాలి.

ఇదే సూత్రంతో మరికొన్ని బోధపడతాయి. ఆమె కర్ణికలు లయ తప్పి అతివేగంగా కొట్టుకుంటే ఒక్క గంటలోనే పరిస్థితి ఎందుకు విషమిస్తుందో తెలుస్తుంది. హృద్ధమనులు సన్నబడిన వ్యక్తికి మెట్లు ఎక్కినప్పుడు నొప్పి వచ్చి, ఆగితే ఎందుకు తగ్గుతుందో తెలుస్తుంది. ఆ నొప్పికి బీటా అవరోధకాలు ఎందుకు పనిచేస్తాయో తెలుస్తుంది. జ్వరం, రక్తహీనత, గళగ్రంథి ఆధిక్యత ఉన్నప్పుడు అంతవరకు దాగి ఉన్న హృద్రోగం ఎందుకు బయటపడుతుందో తెలుస్తుంది. ఐదు విషయాలను విడివిడిగా బట్టీ పట్టిన విద్యార్థి ఆరు నెలలలో ఐదింటినీ మరచిపోతాడు. ఒక్క కారణాన్ని గ్రహించిన విద్యార్థి ఐదింటినీ జీవితాంతం తానే తిరిగి రాబట్టుకోగలడు. మూలపాఠం అంటే నా ఉద్దేశం ఇదే.

పాత చదువు గొప్పదని నేను అనడం లేదు

ఇక్కడ ఒక అపార్థం తొలగించాలి. "ముసలి డాక్టర్లంతా ఇంతే, తమ కాలమే స్వర్ణయుగమంటారు" అని యువవైద్యులు నవ్వుకుంటారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. బృహద్ధమని కవాటం కారే వ్యాధిలో తల ఊగడానికి ఒకరి పేరు, గోళ్ళ క్రింద రక్తం మిణుకుమనడానికి మరొకరి పేరు, నాడి ఎగిసి పడడానికి ఇంకొకరి పేరు పెట్టారు. ఇటువంటి పేర్లు డజనుకు పైగా ఉన్నాయి. మంచం చుట్టూ విద్యార్థులను నిలబెట్టి, ఆ పేర్లు చెప్పలేని వాణ్ణి అవమానించడం ఒకప్పుడు బోధన అనిపించుకున్నది. అదీ బట్టీయే. నేటి బట్టీ తెర మీద జరుగుతున్నది, నాటి బట్టీ మంచం ప్రక్కన జరిగేది. రోగికి ఏ బట్టీ వల్లనూ మేలు లేదు.

నేను కోరేది వేరు. రోగి కథను వినడం, చేతితో నాడిని, చెవితో గుండెను పరిశీలించడం, ఈసీజీ కాగితాన్ని తన కళ్ళతో చదవడం, ఈ నాలుగింటినీ కారణంతో ముడివేయడం. ఇవి పాతవి కావు, కొత్తవి కావు. ఇవి లేకపోతే ఏ యుగంలోనూ వైద్యం లేదు.

"గ్యాస్ నొప్పి" అనే తీర్పు

కథ వినడంతో మొదలుపెడదాం. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పిని లండనులో విలియం హెబర్డెన్ 1768లోనే వైద్యుల సభకు వర్ణించి చెప్పాడు. అప్పటికి ఈసీజీ లేదు, స్టెతస్కోపు సైతం లేదు. నడిచినప్పుడు ఛాతీలో బిగింపు, నిలబడితే తగ్గుదల అన్న ఆ వర్ణన నేటికీ చెల్లుతుంది. రోగుల మాటలు శ్రద్ధగా వినడమే ఆయన సాధనం.

మన ఊళ్ళలో గుండెనొప్పికి ఉన్న మారుపేరు గ్యాస్. రోగి తానే "గ్యాస్ పట్టేసిందండీ" అంటూ వస్తాడు. వైద్యుడు ఔనని ఒక ఇంజెక్షను ఇస్తాడు. ఎన్ని ఇళ్ళలో ఈ కథ మీరు వినలేదు? రోగి అలా అనడం సహజం. గుండె క్రింది భాగంలో రక్తం ఆగినప్పుడు నొప్పి పైకడుపులోనే తెలియవచ్చు, వాంతి రావచ్చు, త్రేనుపు వచ్చి కొంత ఉపశమనంగానూ అనిపించవచ్చు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి లేకుండా ఆయాసం, చెమట, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. కనుక నొప్పి ఎక్కడ అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఎప్పుడు మొదలైంది, ఏమి చేస్తుండగా, ఎంతసేపు, ఎక్కడికి ప్రాకింది, చెమట పట్టిందా, ముందెప్పుడైనా నడకలో వచ్చిందా అని అడగాలి. దీనికి మూడు నిమిషాలు పడుతుంది. ఏ పరికరమూ అక్కరలేదు.

తరువాత ఈసీజీ. అనుమానం ఉన్న రోగికి వచ్చిన 10 నిమిషాలలోపు ఈసీజీ తీసి చదవాలన్నది ప్రపంచమంతా అంగీకరించిన నియమం. ఇక్కడే అతి పెద్ద ప్రమాదం పొంచి ఉంది. "ఈసీజీ నార్మల్, ఇంటికి వెళ్ళండి." పాఠకులారా, ఈ వాక్యం ఎన్ని ప్రాణాలను బలిగొన్నదో లెక్క ఎవరూ వేయలేదు. ఈసీజీ ఆ పది సెకన్ల విద్యుత్ చిత్రం మాత్రమే. హృద్ధమని మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉంటే ఆ క్షణంలో అది నిర్దోషంగా ఉండవచ్చు. అందుచేత నొప్పి కొనసాగుతుంటే తొలి గంటలో 15 నుండి 30 నిమిషాలకొకసారి మళ్ళీ తీయాలి. రక్తంలో ట్రోపోనిన్ కూడా నొప్పి మొదలైన వెంటనే పెరగదు, గంటలు పట్టవచ్చు. మొదటి పరీక్షలో లేదంటే వ్యాధి లేదని కాదు, మళ్ళీ చూడాలని అర్థం. గుండె వెనుక గోడకు దెబ్బ తగిలితే మామూలు పన్నెండు గీతలలో స్పష్టంగా కనబడకపోవచ్చు, వీపు వైపు తీగలు పెట్టి చూడాలి. క్రింది గోడకు దెబ్బ తగిలితే కుడి ప్రక్కన కూడా చూడాలి. కుడి జఠరిక దెబ్బతిన్నవారికి నాలుక క్రింద నైట్రేటు మాత్ర పెడితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇవన్నీ ఎం.బి.బి.ఎస్. పాఠాలే, ఏ నిపుణుడి రహస్యమూ కాదు.

ఆలస్యం ఖరీదు ఎంత? 1986లో ఇటలీలో వెలువడిన గిస్సీ అధ్యయనంలో, నొప్పి మొదలైన తొలి గంటలో స్ట్రెప్టోకైనేజ్ పొందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆరు గంటలు దాటినవారిలో ఆ మేలు స్పష్టంగా కనబడలేదు. ప్రయోజనం పన్నెండు గంటల దాకా ఉండవచ్చునని తరువాతి అధ్యయనాలు తెలిపినా, తొలి గంటల విలువ తగ్గలేదు. 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో 17,187 మంది రోగులు పాల్గొన్నారు. ఐదు వారాలలో హృదయ, రక్తనాళ కారణాలతో మరణించినవారు, ఏ మందూ లేనివారిలో 13.2 శాతం, ఆస్పిరిన్, స్ట్రెప్టోకైనేజ్ రెండూ పొందినవారిలో 8 శాతం. అందులో సగం మేలు చేసిన ఆస్పిరిన్ ఒక చిన్న మాత్ర, దాని ధర టీ నీళ్ళ ఖరీదు కంటె తక్కువ. ఆ మాత్ర ఇవ్వాలని తోచడానికి ముందు "ఇది గుండెనొప్పి కావచ్చు" అని తోచాలి. ఆ తోచడమే చదువు.

అయితే తొందరపాటూ చదువు కాదు. బృహద్ధమని గోడ చీలిపోతున్నవారికి కూడా ఛాతీలో భయంకరమైన నొప్పి వస్తుంది. వారికి రక్తపు గడ్డలు కరిగించే మందు ఇస్తే ప్రాణాపాయం. రెండు చేతులలో నాడి చూసి, రెండు చేతులలో రక్తపోటు కొలిచే అలవాటు ఉన్న వైద్యునికి ఆ తేడా హెచ్చరిక చేయవచ్చు. అలవాటు లేనివానికి హెచ్చరించేవారు లేరు.

రక్తపోటు కొలవడం కూడా రాదా?

ఇంతకంటె సులభమైనదానికి వద్దాం. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ చేతిపట్టీ క్రింద వినిపించే శబ్దాలను వర్ణించాడు. నూట ఇరవై ఏళ్ళ తరువాత మన ఆసుపత్రులలో ఆ కొలత ఎలా జరుగుతున్నదో మీరే గమనించండి. రోగి మెట్లెక్కి వచ్చి ఇంకా రొప్పుతూ ఉంటాడు. చొక్కా చేతి మీదుగా పట్టీ చుడతారు. కొలుస్తూ మాట్లాడిస్తారు. చేయి గాలిలో వ్రేలాడుతూ ఉంటుంది. లావుపాటి చేతికీ సన్నని చేతికీ ఒకటే పట్టీ. ఇన్నింటిలో ప్రతి ఒక్కటీ అంకెను మార్చివేస్తుంది. చిన్న పట్టీ లేని రక్తపోటును చూపిస్తుంది.

ఐదు నిమిషాలు వీపు ఆన్చి కూర్చోవాలి. మూత్రాశయం ఖాళీగా ఉండాలి. అరగంట ముందు నుండి కాఫీ, పొగ ఉండరాదు. చేయి గుండె ఎత్తున ఆనుకుని ఉండాలి. మాటలు వద్దు. కనీసం రెండుసార్లు కొలవాలి, మొదటిసారి వచ్చినప్పుడు రెండు చేతులూ చూడాలి. ఇది హృద్రోగశాస్త్రంలో అ ఆ ల వంటిది. ఈ అ ఆ లు సరిగా దిద్దకుండా ఒక మనిషికి జీవితాంతం మాత్ర వ్రాసే అధికారాన్ని పట్టాతో పాటు ఇచ్చేస్తున్నాము. లేని జబ్బుకు మందు, ఉన్న జబ్బుకు నిర్లక్ష్యం, రెండూ ఇక్కడి నుండే పుడుతున్నాయి.

యంత్రం ఉన్నది కదా!

నాకు తరచు ఎదురయ్యే వాదం ఇది. టూడీ ఎకో నిమిషాలలో కవాటం వెడల్పును కొలిచి చూపుతుంది, ఇక చెవితో వినడం ఎందుకు? మర్మరాన్ని విని చెప్పేదానికంటె ఎకో ఖచ్చితమైనది. నిస్సందేహంగా ఒప్పుకుంటాను. స్టెతస్కోపు మాత్రం ఏమిటి? అదీ ఒకనాటి కొత్త యంత్రమే. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి ఒక యువతి ఛాతీ మీద ఆనించి విన్నప్పుడు పుట్టినది. అయితే లెనెక్ గొట్టాన్ని కనిపెట్టి ఆలోచించడం మానలేదు. తాను విన్న శబ్దాలను, మరణించినవారి దేహాలలో తాను చూసిన మార్పులతో ఏళ్ళ తరబడి పోల్చుకున్నాడు. యంత్రం ఆలోచనకు తోడుగా వచ్చింది, ఆలోచన స్థానంలో రాలేదు.

ఎకో చేయించాలని ఎవరికి తోచాలి? ఆ గర్భిణిని మొదట చూసిన వైద్యునికి. అతనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎకో ఉండదు. ఆమెను ఏ ఊరికి, ఎంత త్వరగా, ఏ మందు ఇచ్చి పంపాలో నిర్ణయించేది అతని చెవి, అతని బుద్ధి. మన రాష్ట్రంలో 2005లో మొదలైన 108 వాహనం రోగిని చేరవేయగలదు. ఎక్కడికి చేరవేయాలో, ఎందుకు చేరవేయాలో చెప్పవలసినది వైద్యుడు.

రెండవ వైపు చూడండి. ఆలోచన లేని పరీక్ష అనవసర చికిత్సకు మెట్టు. స్థిరంగా ఉన్న హృద్ధమని వ్యాధిలో, తగిన మందులు వాడుతున్నవారికి స్టెంటు వేసినంత మాత్రాన మరణాలు గాని, గుండెపోట్లు గాని తగ్గలేదని 2,287 మందితో జరిగిన కరేజ్ అధ్యయనం 2007లో చెప్పింది. 5,179 మందితో జరిగిన ఇస్కీమియా అధ్యయనమూ 2020లో దాదాపు అదే చెప్పింది. నొప్పి ఉపశమనానికి స్టెంటు ఉపయోగపడవచ్చు. గుండెపోటు జరుగుతున్న సమయంలో అది ప్రాణదాత. ఈ రెండు సందర్భాల మధ్య తేడాను చెప్పేది ఏ ఆంజియోగ్రామూ కాదు, రోగి కథ. కథ వినని చోట "తొంభై శాతం బ్లాకు" అన్న మాట కుటుంబాన్ని భయపెట్టి సంతకం పెట్టిస్తుంది. పథకాలలోనూ బీమాలోనూ స్టెంటుకు ధర ఉన్నది. పది నిమిషాలు కూర్చుని విన్నందుకు ధర లేదు. ధర లేని పనిని ఎవరు నేర్పుతారు, ఎవరు నేర్చుకుంటారు?

ఏమి చేయాలి?

ప్రభుత్వాలకు, వైద్యవిద్యా సంస్థలకు నా మాట. పీజీ సీటును కేవలం గళ్ళు నింపే పరీక్షతో ఇవ్వడం ఆపండి. నిజమైన రోగి దగ్గర విద్యార్థి ఏమి అడిగాడు, ఏమి పట్టుకున్నాడు, ఏమి నిర్ణయించాడు అన్నదానికి గణనీయమైన మార్కులు పెట్టండి. లక్షలమందికి అది కష్టమన్నది నిజమే. కష్టమని వదలివేస్తే ఆ కష్టాన్ని క్యాజువాలిటీలో రోగి మోస్తున్నాడు. హౌస్ సర్జన్సీ సంవత్సరాన్ని కాపాడండి. ప్రతి హౌస్ సర్జను వంద ఈసీజీలు తన చేతితో తీసి, తన మాటలలో చదివి, పెద్దలచేత దిద్దించుకున్న పుస్తకం చూపనిదే ధ్రువపత్రం ఇవ్వకండి. రోగులు లేని వార్డులకు తనిఖీ రోజున మనుషులను తెచ్చి పడుకోబెట్టే కళాశాలలకు అనుమతి ఎందుకు? రోగి లేని చోట వైద్యుడు తయారుకాడు. నీరు లేని చెరువులో ఈత ఎవరు నేర్వగలరు?

విద్యార్థులకు నా మాట. మీ పరీక్ష మీరు వ్రాసుకోండి, తప్పదు. అయితే రోజుకు ఒక్క రోగి దగ్గర అరగంట కూర్చోండి. నాడి పూర్తి నిమిషం చూడండి. మర్మరం వినబడితే ఎకో నివేదిక తెరవక ముందు మీ ఊహను కాగితం మీద వ్రాయండి, తరువాత పోల్చుకోండి. ఏ విషయం చదివినా "ఎందుకు" అని ఒకసారి అడగండి. జవాబు దొరకకపోతే ఆ పేజీ తిప్పకండి.

చివరగా, పాఠకులారా, మీకు. ఈ దుస్థితిలో మన వాటా కూడా ఉన్నది. పరీక్షలు ఎక్కువ వ్రాసినవాణ్ణి పెద్ద డాక్టరంటాము, పది ప్రశ్నలు అడిగినవాణ్ణి "ఇతనికేమీ తెలియనట్లుంది" అంటాము. నీరసమంటే సెలైన్ పెట్టమని మనమే పట్టుబడతాము. బోధనాసుపత్రిలో విద్యార్థి వచ్చి గుండె వింటానంటే విసుక్కుంటాము. దయచేసి విననివ్వండి. ఇష్టం లేకపోతే కాదనే హక్కు మీకు ఉన్నది, కాని ఆ పిల్ల నేడు మీ గుండె దగ్గర నేర్చుకున్నది రేపు మరొకరి ప్రాణం నిలుపుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీలో గాని, పైకడుపులో గాని బిగింపు, చెమట, ఆయాసం కలిగితే గ్యాస్ అని మీరే తీర్పు చెప్పకండి. వెంటనే 108కి ఫోను చేయండి. నొప్పి మొదలైన సమయాన్ని గుర్తుంచుకుని చెప్పండి. పాత ఈసీజీ ఉంటే వెంట తీసుకువెళ్ళండి, కొత్తదాని ప్రక్కన పాతది పెట్టి చూడడం కంటె మంచి సహాయం యువవైద్యునికి లేదు. మొదటి ఈసీజీలో ఏమీ లేదన్నా నొప్పి తగ్గకపోతే, "మళ్ళీ ఎప్పుడు తీస్తారండీ?" అని మర్యాదగా అడగండి. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగించుకోడు. మీ బిడ్డకు గొంతునొప్పితో జ్వరం వచ్చి, రెండు మూడు వారాలకు కీళ్ళు వాస్తే, "పెరిగే నొప్పులు" అనుకోకుండా వైద్యునికి చూపండి. సకాలంలో ఇచ్చే పెన్సిలిన్, ఆ తరువాత క్రమం తప్పక మూడు వారాలకొకటి వేసే సూది, ఇరవై ఏళ్ళ తరువాత ఆమె గర్భిణిగా ఆయాసపడే రోజును రాకుండా చేయగలవు.

మూలపాఠాలు మరచిన వైద్యానికి ఎంత ఖరీదైన యంత్రమూ దారి చూపలేదు. అవి తెలిసిన వైద్యునికి ఒక గొట్టం, ఒక పట్టీ, ఒక ఈసీజీ కాగితం, ఒక ఆస్పిరిన్ మాత్ర ఉన్న చోట కూడా చేయగలిగినది ఎంతో ఉన్నది. ఏ వైద్యుణ్ణి తయారుచేయాలో మన పరీక్షలు నిర్ణయిస్తున్నాయి. ఆ పరీక్షలు ఎలా ఉండాలో అడిగే హక్కు, రేపు ఆ వైద్యుని ముందు పడుకోబోయే మనందరికీ ఉన్నది.